ఊపిరి మిగుల్చుకున్నవాడి పరుగు



మా కొమరోలులో ఫజ్ర్ నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగే వేళకు రోడ్డు మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. పడమట నల్లమల ఇంకా నల్లటి గీతలాగే ఉంటుంది. ఆ మసక వెలుతురులో పదిమంది, పదిహేనుమంది కుర్రవాళ్లు పరుగెత్తుతూ పోతారు. వారిలో మన పిల్లలూ ఉంటారు. కొందరు పోలీసు ఉద్యోగం కోసం, కొందరు సైన్యం కోసం. నోటిఫికేషన్ వచ్చిన సంవత్సరం ఆ గుంపు పెద్దదవుతుంది, రాని సంవత్సరం ఇద్దరో ముగ్గురో మిగులుతారు.

మదర్సాలో పాఠం చెప్పుకునే మనిషికి పరుగుతో పనేమిటని మీరు అడగవచ్చు. నలభై ఐదేళ్ల వయసులో నాకు చక్కెర వ్యాధి ఉందని వైద్యుడు చెప్పాడు. నడవమన్నాడు. నడక నెమ్మదిగా పరుగయింది. ఆ తరువాత నా మేనల్లుడి విషయంలో ఒక తప్పు చేశాను. ఆ తప్పు వల్ల ఈ విద్యను గురించి చదవవలసి వచ్చింది, తెలిసినవారిని అడగవలసి వచ్చింది, నా ఒంటి మీదనే పరీక్షించుకోవలసి వచ్చింది. ఈ నెల రాసేదంతా నా సొంత నమ్మకం, ఫత్వా కాదు. నాకంటె బాగా తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు మీ ఊళ్లో ఉంటే ఆయన మాటే వినండి.

మొదట లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. పురుషులు దానిని 8 నిమిషాలలో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. దానితోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకటి నెగ్గాలి. 1600 మీటర్లంటే 400 మీటర్ల మైదానం చుట్టూ నాలుగు చుట్లు. ఎనిమిది నిమిషాలంటే చుట్టుకు రెండు నిమిషాలు, నూరు మీటర్లకు ముప్పై సెకన్లు. ఈ లెక్క చెప్పగానే పిల్లలు నవ్వుతారు. ముప్పై సెకన్లలో నూరు మీటర్లు ఎవరైనా పరుగెత్తగలరు. కష్టమంతా ఆ ముప్పై సెకన్లను వరుసగా పదహారుసార్లు పునరావృతం చేయడంలో ఉంది. సైన్యపు అగ్నివీర్ ర్యాలీ ఇంకా కఠినం. అక్కడ 1600 మీటర్లు అయిదున్నర నిమిషాలలో ముగించినవారికి పూర్తిగా అరవై మార్కులు ఇచ్చే పద్ధతి పెట్టారు. చుట్టుకు ఎనభై రెండున్నర సెకన్లన్నమాట.

మా ఆపా కుమారుడు 2018 నాటి నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసినప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు. తండ్రి లేని పిల్లవాడు. ఆ ఇంటికి ఉద్యోగం ఎంత అవసరమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. నేను బాధ్యత మీద వేసుకున్నాను. అప్పటికి పరుగును గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఎంత నొప్పి పడితే అంత ఫలితం. రోజూ తెల్లవారుజామున తారు రోడ్డు మీద నిలబెట్టి, చేతిలో ఫోను పట్టుకుని, ఒక మైలు శక్తికొద్దీ పరుగెత్తించేవాణ్ణి. నిన్నటికన్న రెండు సెకన్లు తగ్గితే సంతోషం, పెరిగితే మందలింపు. పరీక్ష నాడు వాడు మొదటి చుట్టును ఎనభై సెకన్లలో చుట్టేశాడు. అందరికంటె ముందున్నాడు. మూడో చుట్టులో నడిచాడు. నాలుగో చుట్టు ముగిసేసరికి గడువు దాటిపోయింది. జిల్లా కేంద్రం నుంచి ఇంటికి వచ్చేదాకా బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు.

దానికి నేను కనుగొన్న మందు మరింత ఘోరం. ఉదయం పరుగుకు సాయంత్రం పరుగు చేర్చాను. మూడు నెలలకు వాడి మోకాలి కింద ముందువైపు ఎముకలో నొప్పి మొదలైంది. మొదట పరుగెత్తేటప్పుడే ఉండేది, తరువాత నడకలోనూ వచ్చింది, చివరకు సజ్దా నుంచి లేవడానికి కూడా ఇబ్బందిపడ్డాడు. సోమరితనమని కోప్పడ్డాను. ఎముకల వైద్యుడు ఫోటో తీయించి, సన్నని చీలిక వచ్చిందని, రెండు నెలలు పరుగు మాట ఎత్తవద్దని చెప్పాడు. అప్పుడు ఆపా నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రెండు నెలలలోనే ఒకనాడు సహీహ్ ముస్లింలోని ఒక దీర్ఘమైన హదీసు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) గారి వృత్తాంతం అది. ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. జూ ఖరద్ సంఘటనలో శత్రువులు దైవప్రవక్త (స) వారి పాడి ఒంటెలను తోలుకుపోతే, సలమా (రజి) ఒంటరిగా, కాలినడకన, గుర్రాలెక్కిన వారిని వెంటాడారు. బాణాలు వేస్తూ, మరుగున దాక్కుంటూ, మళ్లీ వెంటబడుతూ ఒంటెలన్నిటినీ విడిపించారు. ఆనాటి పదాతులలో ఆయనే ఉత్తముడని దైవప్రవక్త (స) ప్రశంసించారు. ఇంతవరకు మన పిల్లలందరికీ తెలుసు. నన్ను ఆపినది తిరుగు ప్రయాణపు కథ. మదీనాకు వస్తుండగా అన్సారులలో పరుగులో ఎన్నడూ ఓడని ఒక వ్యక్తి, మదీనా దాకా నాతో పందెం వేసేవారెవరైనా ఉన్నారా అని మళ్లీ మళ్లీ పిలిచాడు. సలమా (రజి) ప్రవక్త (స) వారి అనుమతి తీసుకుని వాహనం దిగి పరుగు మొదలుపెట్టారు. అయితే మొదటి ఒకటి రెండు మిట్టల దాకా తనను తాను బిగపట్టుకున్నారు. ఎందుకో ఆయనే చెప్పారు, ఊపిరిని మిగుల్చుకోవడానికట. ఆ తరువాత కూడా కొంత దూరం నెమ్మదిగానే వెనుక అనుసరించి, చివరకు వేగం పెంచి ఆ అన్సారీని అందుకుని, అతని రెండు భుజాల నడుమ తట్టి, అతనికంటె ముందు మదీనా చేరారు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ హదీసులోని అరబ్బీ పదాల అర్థం విడమరచి చెప్పాను. మా పిల్లవాడు మొదటి చుట్టులో చేసిన తప్పు ఆ పదాలలోనే ఉందని ఒక్కసారీ తోచలేదు.

అక్కడి నుంచి నా నమ్మకాలు ఒక్కొక్కటిగా మారాయి. అన్నిటికంటె ముందు మారినది నెమ్మది పరుగును గురించిన అభిప్రాయం. నా వృత్తిలోని పోలికతో చెబుతాను, హిఫ్జ్ చదివించే ఇళ్లవారికి ఇట్టే అర్థమవుతుంది. ఖుర్ఆన్ కంఠస్థం చేసే విద్యార్థికి మేము రోజూ ఇచ్చే కొత్త పాఠం, అంటే సబఖ్, చాలా చిన్నది. అరపేజీ, మహా అయితే ఒక పేజీ. పాత పాఠాల పునశ్చరణ, మంజిల్ అంటాము, దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కొత్త పాఠం మీద మోజుతో మంజిల్ వదిలేసిన పిల్లవాడు ఆరు నెలలకు పదిహేనో పారా చేరుకుంటాడు కాని మొదటి పారా మరచిపోయి ఉంటాడు. దేహానికి వేగం సబఖ్ వంటిది, నెమ్మది పరుగు మంజిల్ వంటిది. నేను మేనల్లుడికి మూడు వందల అరవై రోజులూ సబఖే ఇచ్చాను.

ఇది నా ఊహ మాత్రమే కాదు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడుండేవాడు. చెప్పుల కర్మాగారంలో పనిచేస్తూనే ఇరుగుపొరుగు కుర్రవాళ్లకు పరుగు నేర్పినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులిద్దరు ఒకే రోజున బంగారు పతకాలు గెలిచారు. 800 మీటర్లలో పీటర్ స్నెల్, 5000 మీటర్లలో మరీ హాల్బర్గ్. ఎనిమిది వందల మీటర్లంటే కేవలం రెండు చుట్లు. ఆ రెండు చుట్ల వీరుణ్ణి కూడా ఆయన కొండదారుల మీద ఇరవై రెండు మైళ్లు పరుగెత్తించేవాడు, వారానికి నూరు మైళ్లు లక్ష్యంగా పెట్టేవాడు. ఆ నూరు మైళ్ల లెక్క మనకు పనికిరాదు, మన పిల్లలు చేనులో పని చేసి వచ్చి పరుగెత్తేవారు. అయితే పునాది సూత్రం పనికివస్తుంది. ఇటీవలి కాలంలో నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రజ్ఞుడు ఉన్నత స్థాయి క్రీడాకారుల అభ్యాసాన్ని పరిశీలించి, వారి అభ్యాసంలో ఐదింట నాలుగు వంతులు తేలికపాటి వేగంతోనే సాగుతుందని చూపాడు. 1600 మీటర్లు మనకు ఎక్కువ దూరమనిపించదు. కాని ఏడెనిమిది నిమిషాల పరుగులో ఖర్చయ్యే శక్తిలో అధిక భాగం ఊపిరి ద్వారా అందే ప్రాణవాయువు వల్లనే పుడుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలలోని సన్నని రక్తనాళాలు ఆ పనికి అలవాటుపడాలి. ఆ అలవాటు నెలల మీద వస్తుంది, వారాల మీద రాదు.

నెమ్మది అంటే ఎంత నెమ్మది? దీనికి గడియారం అక్కరలేదు. పరుగెత్తుతూ సూరె ఫాతిహాను మామూలు కంఠంతో, ఆయతు మధ్యలో ఊపిరి తెగకుండా చదవగలిగితే అది సరైన వేగం. తెగుతున్నదంటే వేగం తగ్గించాలి. నేను నా మంజిల్‌లో కొంత ఈ విధంగానే చదువుకుంటాను. మేనల్లుడికి ఈ నియమం పెట్టినప్పుడు వాడికి అవమానమనిపించింది. "మామూ, నా పక్కనుంచి చిన్నపిల్లలు దాటిపోతున్నారు" అన్నాడు. దాటిపోనిమ్మన్నాను.

వారంలో అయిదు రోజులు అరగంట మొదలు ముప్పావుగంట దాకా ఇటువంటి పరుగు, అందులో ఒక రోజు గంట. ఒకే ఒక్క రోజు వేగానికి. శుక్రవారం పూర్తి విశ్రాంతి. వేగపు రోజున మేము పాటించిన పద్ధతి కొత్తది కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10,000 మీటర్లతోపాటు మారథాన్ కూడా గెలిచిన చెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ నాలుగు వందల మీటర్ల ముక్కలను మళ్లీ మళ్లీ పరుగెత్తి సాధన చేసినవాడు. ఆయన చేసిన సంఖ్యలు చదివితే కళ్లు తిరుగుతాయి. మేము నాలుగుతో మొదలుపెట్టి ఆరు దగ్గర ఆగాము. చుట్టుకు ఒక నిమిషం నలభై ఐదు సెకన్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. నియమం ఏమంటే చివరి చుట్టు మొదటి చుట్టుకంటె నెమ్మది కాకూడదు. అయిందంటే మొదటిది దురాశతో పరుగెత్తినట్టు లెక్క. దూరం కొలవడానికి మోటారు సైకిలు మీటరును నమ్మవద్దు. పాఠశాల మైదానంలో టేపు పట్టి కొలవండి. మా మైదానం మేము నాలుగు వందలనుకున్నది మూడు వందల అరవై దాటలేదు. మొదటి సంవత్సరం నేను రాసుకున్న సమయాలన్నీ ఆ విధంగా అబద్ధాలే.

విశ్రాంతిని గురించి మన ఇళ్లలో ఒక దురభిప్రాయం ఉంది. పరీక్ష దగ్గరపడితే మరింత పరుగెత్తాలని తల్లిదండ్రులే తరుముతారు. ఒక మైలును నాలుగు నిమిషాలలోపు పరుగెత్తిన మొదటి మనిషి రోజర్ బానిస్టర్. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లు. ఆయన వైద్య విద్యార్థి, మధ్యాహ్న భోజన విరామంలో దొరికే కొద్ది సమయంలోనే సాధన చేసేవాడు. ఆ వసంతంలో చుట్టు వేగం అరవై ఒక్క సెకన్ల దగ్గర ఆగిపోయింది, ఎంత ప్రయత్నించినా తగ్గలేదు. అప్పుడాయన మిత్రుడితో కలిసి స్కాట్లండు కొండలెక్కడానికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చి పరుగెత్తితే యాభై తొమ్మిదికి దిగింది. ఈ సంగతి చెప్పినా మా ఆపా నమ్మలేదు. పిల్లవాడు మంచం మీద పడుకుని ఉంటే ఉద్యోగం ఎట్లా వస్తుందని ఆమె ప్రశ్న. నిద్ర కూడా అభ్యాసంలో భాగమేనని ఆమెకు చెప్పడం సులభమే. ఇషా తరువాత పడుకోవాలని, ఫోను తల్లి దగ్గర పెట్టాలని ఆ కుర్రవాడికి చెప్పడమే కష్టమైంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. తారు రోడ్డుకంటె చేల మధ్య మట్టిబాట ఎముకలకు మేలు. బూట్లు ఖరీదైనవి కానక్కరలేదు, కాలికి సరిపోతే చాలు. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోమ్ వీధులలో చెప్పులు లేకుండా మారథాన్ గెలిచాడని మా మదర్సా పిల్లలు వాదిస్తారు. నిజమే, ఆయన కాళ్లు అందుకు అలవాటుపడినవి, మీవి చెప్పులకు అలవాటుపడినవి అంటాను. మన ప్రాంతపు ఎండలో వేసవిలో ఎనిమిది దాటాక పరుగు వద్దే వద్దు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, మజ్జిగ ఉన్న ఇంటికి డబ్బాలలో అమ్మే పొడులతో పని లేదు. పరీక్షకు ముందు వేసుకోమని ఎవరైనా మాత్ర గాని సూది గాని ఇవ్వజూపితే, ఆ మనిషి ఇంటి గడప తొక్కకుండా చూడండి.

పసిపిల్లలను గురించి ఒక మాట. పొరుగున ఒడిశాలో 2006లో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుడు పూరీ నుంచి భువనేశ్వర్ వైపు అరవై ఐదు కిలోమీటర్లు పరుగెత్తాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. చివరకు వాడు తూలిపడిపోయే స్థితికి వచ్చాడు, ఆ తరువాత ప్రభుత్వం అటువంటి పరుగులను నిషేధించింది. మన మొహల్లాలో ఎనిమిదేళ్ల పిల్లవాడు చురుకుగా ఉంటే వాణ్ణి ఆడుకోనివ్వండి. స్టాప్‌వాచ్ పట్టుకుని వాడి వెంట తిరగవద్దు. నేను పట్టుకున్నది చాలు.

రంజాన్ నెలలో అభ్యాసం మానాలా అని ప్రతి సంవత్సరం అడుగుతారు. సాధన కోసం ఉపవాసం వదలమని నేను ఎన్నడూ చెప్పను. మానవలసిన అవసరమూ లేదు. ఇఫ్తార్‌కు అరగంట ముందు ఇరవై నిమిషాల నెమ్మది పరుగు చాలు, ముగిసేసరికి నీళ్లు ఎదురుగా ఉంటాయి. వేగపు రోజును ఆ నెలకు వదిలేయండి. నాలుగు వారాలలో కూడబెట్టుకున్నదంతా పోదు, కొద్దిగా తగ్గుతుంది, షవ్వాల్‌లో తిరిగి వస్తుంది. తల తిరిగినట్టుంటే ఆ రోజు నడక కూడా వద్దు. నావలె చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ముందుగా వైద్యుడిని అడిగి తీరాలి.

మేనల్లుడి సంగతి ముగించాలి. 2022 నోటిఫికేషన్‌కు వాడు మళ్లీ దరఖాస్తు చేశాడు. 2023 జనవరిలో ప్రాథమిక రాతపరీక్ష జరిగింది, నెగ్గాడు. దేహదారుఢ్య పరీక్షలు ఈ నెల, వచ్చే నెల అంటూ వాయిదా పడి, చివరకు 2024 డిసెంబరు ఆఖరులో గాని మొదలు కాలేదు. దాదాపు రెండేళ్లు! వాడితో పరుగు మొదలుపెట్టినవారిలో ఎందరో ఆ నిరీక్షణలో విసిగి మానేశారు. మానేసినవారిని నిందించలేను, రెండేళ్లు శక్తికొద్దీ పరుగెత్తడం ఏ మనిషికీ సాధ్యం కాదు. మావాడిది ఫాతిహా వేగం కనుక సాగింది. మైదానంలో మొదటి చుట్టు ముగిసేసరికి వెనుకబడి ఉన్నాడట. మూడో చుట్టులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి 6 నిమిషాల 50 సెకన్లలో ముగించాడు. తుది రాతపరీక్షలో మార్కులు చాలక ఉద్యోగం రాలేదు. ఇప్పుడు మార్కాపురంలో ఒక పలకల ఖార్ఖానాలో లెక్కలు రాస్తున్నాడు. పరుగు మానలేదు. ఎందుకని అడిగితే, తెల్లవారుజామున పరుగెత్తకపోతే ఆ రోజు ఏదో వెలితిగా ఉంటుంది మామూ అంటాడు. వాడి రాతపరీక్షకు కూడా ఇంత శ్రద్ధ పెట్టి ఉండవలసిందని నాకు అనిపిస్తుంది. ఆ మాట వాడితో అనలేదు.

ఇంత రాసి అసలు సంగతి దాచడం న్యాయం కాదు. నా చిన్న కుమార్తె డిగ్రీ చదువుతున్నది. వచ్చే నోటిఫికేషన్‌కు తానూ దరఖాస్తు చేస్తానని క్రిందటి సంవత్సరం చెప్పింది. మేనల్లుడి కోసం తెల్లవారుజామున లేచిన ఈ మనిషి, కూతురి మాటకు వారం రోజులు బదులు చెప్పలేదు. రోడ్డు మీద ఆడపిల్ల పరుగెత్తితే మొహల్లా ఏమంటుందోనని నా భయం. అది ఆమెకు తెలుసు. ఒక రాత్రి భోజనాల వేళ, "అబ్బా, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగు పందెం వేసిన హదీసు అబూ దావూద్‌లో ఉన్నదా, లేదా?" అని అడిగింది. ఉన్నది. మొదటిసారి ఆమే గెలిచారు, కొంతకాలం తరువాత మరో ప్రయాణంలో ప్రవక్త (స) గెలిచి, ఆనాటి దానికి ఇది చెల్లు అన్నారు. ఆ హదీసు కూడా నేను పాఠం చెప్పినదే.

ఇప్పుడు మేము ముగ్గురం వెళుతున్నాము. పాఠశాల మైదానం, గోడ ఉన్న వైపు, సూర్యుడు రాకముందు. పొడుగు కుర్తా, వదులు షల్వార్, తలకు బిగించిన స్కార్ఫు. పరుగుకు ఏదీ అడ్డం రాలేదు. మొదటి నెలలో ఇద్దరు ముగ్గురు పెద్దలు నాతో మాట్లాడటం తగ్గించారు. రెండో నెలలో వారిలో ఒకరి కోడలు చక్కెర వ్యాధి కారణంగా నడవడానికి అదే మైదానానికి రావడం మొదలుపెట్టింది. మరి కొందరు ఇంకా తగ్గించే ఉన్నారు.

గడువు 10 నిమిషాల 30 సెకన్లు, అంటే చుట్టుకు రెండు నిమిషాల ముప్పై ఏడున్నర సెకన్లు. క్రిందటి ఆదివారం ఆమె 10 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. ఫోను ఇప్పుడు నా చేతిలో లేదు, ఆమె తల్లి చేతిలో ఉంటుంది. మొదటి చుట్టు అయ్యాక ఆమె "నెమ్మదిగా, నెమ్మదిగా" అని కేక వేస్తుంది. నేను గోడ దగ్గర నిలబడి ఫాతిహా చదువుకుంటూ ఉంటాను.